బొంగరం నిద్ర

బొంగరం ఆ ఇంటికి ఒక పాత పరుపులో చుట్టుకుని వచ్చింది.

సెలవుల్లో హాస్టలు ఖాళీ అయితే అక్కడివాళ్ళు పాత పరుపులన్నీ బాగుచెయ్యమని బండికెత్తి పంపారు. పరుపులమ్మ వాటిని ఒక్కొక్కటిగా దింపించి వసారాలో పేర్పిస్తోంది. చివరి చుట్ట విప్పేసరికి లోపల గుప్పెడంత కుక్కపిల్ల. మట్టిరంగుది. ముడుచుకుని, ముక్కు పొట్టలో దూర్చుకుని ఆదమరిచి నిద్రపోతోంది. బండి కుదుపులకూ లేవలేదు, మనుషుల కేకలకూ లేవలేదు. పరుపులమ్మ ముక్కున వేలేసుకుంది. బండివాడిని అడిగితే తనకేం తెలియదన్నాడు. హాస్టలుకు ఫోను చేస్తే, మావి పరుపులే గాని కుక్కలు కావని పెట్టేశారు.

"సరేలే వదినా. పరుపుతో పాటు వచ్చింది కాబట్టి దీన్ని కూడా ఏకి, ఎండబెట్టి, కొత్త గుడ్డలో కుట్టి పంపేద్దాం" అంది చిట్టి.

చిట్టి పరుపులమ్మకు ఆడపడుచు. నెత్తిన నెరసిన వెంట్రుకలు కనిపిస్తున్నా ఆ ఇంట్లో ఆమె ఇంకా చిట్టే. కట్టుకున్నవాడితో పొసగక చాలా ఏళ్ళ కిందట పుట్టింటికి వచ్చేసింది. అన్న బతికున్నన్నాళ్ళూ అన్న చాటున దూది ఏకింది. అన్న పోయాక వదిన చాటున ఏకుతోంది. చేతిలో పని ఆగదు గాని నోట్లోంచి మాట రావడం గగనం. అలాంటి మనిషి ఆ రోజు హాస్యమాడింది. అందుకని పరుపులమ్మ కుక్కపిల్లను తోలెయ్యమని అనలేకపోయింది.

ఆ పిల్ల కళ్ళు తెరవగానే తన తోకను తానే పట్టుకోబోయి వసారా అంతా గిర్రున తిరిగింది. బొంగరం అన్న పేరు అలా వచ్చింది. వచ్చిన రోజే దాని కిందున్న పరుపు విప్పేశారు. ఆ రాత్రి నుంచే అది కుంయ్ మనడం మొదలుపెట్టింది. తల్లి కోసం ఏడుస్తోందిలే, నాలుగు రోజులు పోతే మరిచిపోతుందిలే అనుకున్నారు.

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. అది పరుపులమ్మకు మామగారు నేర్పినది. బాగుకు వచ్చిన పరుపు ఎంత కొత్తదైనా సరే, ముందు కుట్లు విప్పాలి. గుడ్డను మరుగుతున్న నీళ్ళలో సోడా వేసి ఉడకబెట్టాలి. లోపలి దూదిని డాబా మీద పరిచి, బెత్తంతో కొట్టి, తిరగేసి, మళ్ళీ ఎండబెట్టాలి. ఆ తరవాతే ఏకడం, నింపడం, దబ్బనంతో కుట్లు వెయ్యడం. అన్నీ అయ్యాక పరుపులమ్మ మోకాళ్ళ మీద కూర్చుని పరుపులో ముఖం పెట్టి వాసన చూసేది. చెమట గాని, నూనె గాని, మందుల వాసన గాని ఏమాత్రం తగిలినా మళ్ళీ విప్పేది. ఎండ వాసన తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఒకరి నిద్ర మీద ఇంకొకరిని పడుకోబెడతామా అనేవాడు మామగారు. ఊళ్ళో ఎన్ని కొట్లు వచ్చినా, రబ్బరు పరుపులు వచ్చినా, జనం వెతుక్కుంటూ ఆ సందులోకి వచ్చేది ఆ ముక్కు కోసమే.

ముందు గదిలో కొట్టు, దూది ఏకే మిషను. వెనక రెండు గదులు, వంట వసారా. పైన ఒక బస్సు డ్రైవరు భార్యతో అద్దెకుండేవాడు. పొద్దున తొలి బస్సు అతనిది. ఊరు లేవకముందే స్టీరింగు పట్టుకోవాలి కాబట్టి ఊరు పడుకోకముందే మంచమెక్కేవాడు. కుక్కపిల్ల చిన్నదిగా ఉన్నప్పుడు దాని మూలుగు అతని వరకూ చేరలేదు. కాని కుక్కలు ఎదగడం చూస్తుండగానే జరిగిపోతుంది. బొంగరానికి కాళ్ళు పొడుగయ్యాయి, ఛాతీ విచ్చుకుంది, గొంతు పెద్దదయింది. పగలంతా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పరుగు. పాలవాడి సైకిలును సాగనంపి రావడం, పోస్టుమాన్‌ను ఎదురెళ్ళి తీసుకురావడం, ఎగిరే దూది పింజలను నోటితో పట్టడం. చిట్టి పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమె నవ్వు అంత పెద్దదని పరుపులమ్మకు అప్పటిదాకా తెలియదు. ఒకసారి వంట దగ్గర ఉండగా ఆ నవ్వు విని, ఎవరో చుట్టాలు వచ్చారనుకుని గరిటెతో సహా బయటికి వచ్చింది.

పగలు అంత సంతోషం. రాత్రయితే తల ప్రాణం తోకకు వచ్చేది. దీపం ఆర్పిన కాసేపటికి బొంగరం తన పక్క మీంచి లేచేది. పక్కను గోళ్ళతో తవ్వేది. చుట్టూ తిరిగేది, ముక్కు పెట్టి అంతటా వెతికేది, మళ్ళీ తవ్వేది. ఆ తరవాత మెడ పైకెత్తి ఊళ పెట్టేది. ఇల్లు కప్పు ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉండేది.

ఒక సాయంత్రం డ్రైవరు కిందికి దిగి వచ్చాడు. మంచివాడు, గట్టిగా మాట్లాడటం చేతకాదు. గుమ్మం దగ్గర చెప్పులతో నిలబడి, చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుని, చివరికి అన్నాడు.

"అక్కా, మీ కుక్క మంచిదే. నాకు కుక్కలంటే ఇష్టం కూడా. కాని నాకు నిద్ర లేదు."

"మాకు మాత్రం ఉందా తమ్ముడూ?" అంది పరుపులమ్మ.

"మీరు కళ్ళు మూసుకుని కుట్టినా పరుపు ఎవర్నీ గుద్దదక్కా. నేను నడిపేది బస్సు."

అతనే మళ్ళీ, "నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికి అది పడుకోవడం నేర్చుకుంటే అందరం సుఖపడతాం. లేకపోతే దానికి ఇంకో చోటు చూడండి. నలుగురిలో పెట్టే ఉద్దేశం నాకు లేదు, మీతోనే చెబుతున్నా" అన్నాడు.

అతను మెట్లెక్కి వెళ్ళిపోయాక చిట్టి బొంగరం చెవులు రెండూ పట్టుకుని, "విన్నావా? నెలాఖరుకు పరీక్ష. ఫెయిలయితే ఇంట్లోంచి గెంటేస్తారు" అంది. నవ్వుతూనే అంది గాని ఆమె చేతులు ఆ చెవులను చాలాసేపు వదల్లేదు.

ఇక మొదలైంది ఇద్దరు ఆడవాళ్ళ పాట్లు. కుక్కకు ఒళ్ళు అలిస్తే నిద్ర దానంతటదే వస్తుందని డ్రైవరు భార్య చెప్పింది. రోజూ పొద్దు వాలగానే చిట్టి దాన్ని బడి మైదానానికి తీసుకెళ్ళేది. పుట్టి బుద్ధెరిగిన తరవాత చిట్టి పరుగెత్తడం ఆ వీధి చూడలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఒక చేత్తో తాడు పట్టుకుని, కుక్క లాగిన వైపల్లా పోయేది. మైదానంలో బంతాడే పిల్లలు ఎవరు ఎవర్ని షికారు తిప్పుతున్నారని అడిగేవాళ్ళు. ఇంటికొచ్చేసరికి చిట్టికి నడుము పట్టేసేది. బొంగరం మాత్రం ఇంకో ఆటకు సిద్ధంగా తోకాడిస్తూ నిలబడేది.

తిండి పెందలాడే పెట్టారు. చీకటి పడ్డాక నీళ్ళ గిన్నె తీసేశారు. పడుకునే ముందు బయట తిప్పుకొచ్చారు. ఒక చెక్కపెట్టెకు దుప్పటి కప్పి గుహలా చేసి చూశారు. కొంచెం గుణం కనిపించింది. ముందు జాములో పడుకునేది. కాని నడిరాత్రి కాగానే మళ్ళీ తవ్వడం, వెతకడం, ఊళ.

"పక్కలో లోపం ఉంది. ఎవరికైనా పక్క కుదరకపోతే నిద్ర ఎలా పడుతుంది?" అంది పరుపులమ్మ.

పరుపులు కుట్టే మనిషికి ఏ రోగానికైనా పరుపే మందుగా తోచడంలో వింతేముంది. ఆమె బొంగరానికి మెత్తటి పరుపు కుట్టింది. అది తవ్వింది. గట్టి పరుపు కుట్టింది. దాన్నీ తవ్వింది. గుండ్రంగా, చుట్టూ గట్టుతో, పిట్టగూడు లాంటిది కుట్టింది. పెళ్ళికూతురి పరుపుకు కూడా అంత మంచి దూది వెయ్యలేదు. దాన్నీ తవ్వింది. రోజూ పొద్దున్నే ఆ పక్క కుట్లు విప్పి, గుడ్డ ఉడకబెట్టి, దూది ఎండలో పోసి, సాయంత్రానికి మళ్ళీ నింపేది. ముఖం పెట్టి వాసన చూసేది. కుక్క వాసన ఇసుమంత కూడా లేకపోతే తృప్తిగా తలాడించి, "రా తల్లీ, కొత్త పక్క" అని పిలిచేది. బొంగరం వచ్చి, ముక్కు ఆనించి, ఆమె వైపు చూసేది. దారి తప్పినవాడు దారిన పోయేవాళ్ళ వైపు చూసినట్టు ఉండేది ఆ చూపు.

పగటిపూట మాత్రం అది బాగానే కునుకు తీసేది. బాగుకు వచ్చి ఇంకా విప్పని పాత పరుపుల గుట్ట మీదెక్కి, మనుషుల చెమట ఇంకిన ఆ మురికిలో ముక్కు దూర్చి గుర్రు పెట్టేది. "దిగు, దిగు, ఖాతాదార్ల సొత్తు" అని పరుపులమ్మ బెత్తం చూపించేది. ఒకనాడు చిట్టి శాలువా కనపడలేదు. ఇల్లంతా వెతికితే బొంగరం పెట్టెలో దొరికింది. "దొంగ ముఖమా" అని పరుపులమ్మ దాన్ని లాక్కుని, సబ్బు పెట్టి ఉతికి తీగ మీద ఆరేసింది. ఆ సాయంత్రం బొంగరం తీగ కింద కూర్చుని, గాలికి ఊగే శాలువా వంక పైకి చూస్తూ చీకటి పడేదాకా కదల్లేదు.

"దీనికెంత శాలువాల పిచ్చో. పోయిన జన్మలో బట్టల కొట్టు యజమాని అయ్యుంటుంది" అంది పరుపులమ్మ.

రాత్రి భోజనాలయ్యాక చిట్టి గిన్నెలు తోముతూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"వదినా, ఒక్క రాత్రి దాన్ని నా మంచం మీద పడుకోబెట్టుకోనా?"

"మంచం మీదా?"

"నా కాళ్ళ దగ్గర. నాకెందుకో, అది ఒక్కతే పడుకోలేక అలా అరుస్తోందేమో అనిపిస్తోంది."

పరుపులమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉన్నా బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది. కోపమైతే తెల్లారేసరికి చల్లారేది, ఒప్పుకునేది. ఆమె మెల్లగా, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పింది.

"పరుపులు కుట్టే ఇల్లు చిట్టీ మనది. మన పక్కల మీద కుక్క పడుకుంటే ఆ వెంట్రుకలు మన బట్టల్లో పడతాయి, బట్టల్లోంచి దూదిలో పడతాయి. ఎవరి కొత్త పరుపులోనైనా ఒక్క వెంట్రుక కనపడితే మన గడప తొక్కేవాళ్ళెవరు? మీ నాన్న కాలం నుంచి వస్తున్న పేరు. నీకు నేను చెప్పాలా?"

"అవునులే" అంది చిట్టి. అంతే. రెండోసారి అడగలేదు. ఆ ఇంట్లో పుట్టింది ఆమె, వచ్చి చేరింది పరుపులమ్మ. అయినా తిరిగొచ్చిన ఆడపిల్లను కదా అన్న తలపు చిట్టి మనసులో ఒక మూల ఎప్పుడూ కూర్చునే ఉండేది. దాన్ని అక్కణ్ణుంచి లేపే మాట పరుపులమ్మ ఎప్పుడూ అనలేదు. కూర్చోమనీ అనలేదు. ఉన్నదని తెలిసినా ఊరుకునేది, అంతే.

నెలాఖరు ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం డ్రైవరు వేళ కాని వేళలో ఇంటికొచ్చాడు. మెట్లెక్కలేదు. కొట్టు ముందు బల్ల మీద కూలబడ్డాడు. చిట్టి మంచినీళ్ళిస్తే సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"కూడలి దగ్గరక్కా. రెప్ప వాలింది. ఎంతసేపో తెలీదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బడిపిల్లలు రోడ్డు దాటుతున్నారు. బ్రేకు కొట్టాను. బస్సులో నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరికీ ఏం కాలేదు. ఏం కాలేదు గాని..."

"చాల్లే తమ్ముడూ. నీళ్ళు తాగు" అంది పరుపులమ్మ.

"నేను మీ కుక్కను అనడం లేదక్కా. నా కళ్ళనే అంటున్నా."

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. చిట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడే కలప అడితి కాపలాదారు వచ్చాడు. దిండు చిరిగి దూది రాలిపోతోందని తెచ్చాడు. వయసు మీద పడ్డ మనిషి, ఒంటరివాడు, మాటలపోగు. అడితిలో దుంగలు పోతున్నాయనీ, యజమాని ఒక కుక్కను పెట్టుకోమన్నాడనీ, తెచ్చిన కుక్కలన్నీ అర్ధరాత్రి దాటకుండానే గుర్రు పెడుతున్నాయనీ చెప్పుకొచ్చాడు.

"కుక్కలు కూడా పాడైపోయాయమ్మాయ్. తిండి తింటాయి, పడుకుంటాయి. రాత్రంతా మెలకువగా ఉండే కుక్క ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది?"

పరుపులమ్మ చేతిలో దబ్బనం ఆగింది.

"మా దగ్గరుంది బాబాయ్" అంది.

మిషను దగ్గర చిట్టి తలెత్తింది. "నెలాఖరుకు ఇంకా రోజులున్నాయి కదా వదినా" అంది.

"రోజులుంటే ఏం లాభం చిట్టీ? ఈలోగా ఆ కూడలిలో ఏదైనా జరిగితే ఆ పిల్లల తల్లులకు ఏం చెబుతాం?"

న్యాయమైన మాటే. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. చిట్టి వంక పెట్టలేదు. మిషను ఆపి, లేచి, బొంగరం మెడలో తాడు తనే కట్టింది. పరుపులమ్మ ఆ గట్టు పరుపును చివరిసారి విప్పి, ఉతికి, ఎండబెట్టి, కొత్త గుడ్డతో కుట్టి, మడతపెట్టి కాపలాదారు సైకిలు వెనక కట్టించింది. ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు సారె ఇచ్చారే అని అతను నవ్వాడు. బొంగరం ఇది కొత్త షికారనుకుంది కాబోలు, సైకిలు పక్కన ఉత్సాహంగా పరుగెత్తింది. మలుపు దగ్గర మాత్రం ఆగి వెనక్కి చూసింది. చిట్టి చెయ్యి ఊపింది, ఇంటికి రమ్మన్నట్టు కాదు, వెళ్ళమన్నట్టు.

ఆ రాత్రి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. డ్రైవరు హాయిగా నిద్రపోయాడు. కింద ఇద్దరాడవాళ్ళకూ కంటి మీద కునుకు లేదు. ఒకరు మేలుకుని ఉన్నట్టు ఇంకొకరికి తెలుసు. అయినా ఇద్దరూ నిద్ర నటించారు.

తరవాతి రోజుల్లో చిట్టి పని ఎప్పటిలాగే చేసింది. అడిగిన దానికి జవాబు చెప్పేది. అడగని మాట ఒక్కటీ చెప్పేది కాదు. పాలవాడి సైకిలు గంట వినపడితే చేతిలో పని ఒక్క క్షణం ఆగేది, మళ్ళీ సాగేది. పరుపులమ్మ ఏదైనా హాస్యమాడితే పెదవులతో నవ్వేది. గరిటెతో బయటికి పరుగెత్తించిన ఆ నవ్వు కోసం పరుపులమ్మ వంటింట్లోంచి చెవి రిక్కించేది. వీధిలో పిల్లలెవరైనా నవ్వితే తప్ప ఏమీ వినపడేది కాదు.

చివరికి తనే అంది, "ఒకసారి వెళ్ళి చూసొద్దామా చిట్టీ?"

కాపలాదారు పని దిగేలోగా చేరాలని తెల్లవారుతుండగానే బయలుదేరారు. చిట్టి వడివడిగా నడిచింది. పరుపులమ్మ వెనకబడి రొప్పుతూ, "అమ్మాయ్, నన్ను కూడా తాడు కట్టి లాక్కెళ్ళు" అంది. చిట్టి కొంచెం నవ్వింది. ఆ కొంచెం నవ్వుకే పరుపులమ్మకు ప్రాణం లేచొచ్చింది.

అడితి గేటు తెరిచే ఉంది. తడి చెక్క వాసన, రంపపు పొట్టు. దుంగల మధ్య రేకుల కొట్టం. కాపలాదారు కాసేపు నడుము వాల్చిన పక్క సర్దుతున్నాడు. ఆ పక్క పరుపులమ్మ కుట్టిన గట్టు పరుపే.

"ఇదేంటి బాబాయ్, దీని మీద నువ్వు పడుకుంటున్నావా?" అంది పరుపులమ్మ.

"అది పడుకోదమ్మాయ్. రెండు రోజులు చూశాను. ఊరికే పాడవుతోంది కదాని నేను నడుము కింద వేసుకున్నా. చెప్పొద్దూ, నా నడుం నెప్పి సగం పోయింది."

"మరి అదెక్కడ?"

ఆయన కొట్టం మూలకు చెయ్యి చూపించాడు. ఆ చూపించడంలో బోలెడంత ఫిర్యాదు ఉంది.

"అదిగో చూడండి. రాత్రంతా నిద్రపోదని కదా మీరిచ్చింది? కుక్క మారిపోయిందేమోనని కూడా అనుమానపడ్డాను. చీకటి పడితే చాలు, అక్కడ పడుతుంది. దుంగ దొర్లినా లేవదు. మొన్న వాన పడి రేకుల మీద డప్పు వాయించినట్టు మోగితే, ఒక కన్ను తెరిచి, నన్ను చూసి మళ్ళీ మూసేసింది. దానికి నేను కాపలా కాస్తున్నా."

మూల గచ్చు మీద ఒక పాత కోటు. ఒకప్పుడు ఖాకీ రంగుది అయ్యుంటుంది. దాని మీద బొంగరం ముడుచుకుని, ముక్కు కోటు చేతిలో దూర్చి నిద్రపోతోంది. పక్కటెముకలు నిదానంగా లేస్తున్నాయి, పడుతున్నాయి. పరుపు చుట్టలో వచ్చిన రోజు ఎలా పడుకుందో అలాగే పడుకుంది.

పరుపులమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. అలవాటు కొద్దీ వంగి కోటు అంచుకు ముక్కు ఆనించింది. పొగాకు, చెమట, నూనె, రంపపు పొట్టు, ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు మేలుకున్న ముసలి మనిషి ఒళ్ళు. ఆ వాసన పరుపుకు తగిలి ఉంటే ఆమె నాలుగుసార్లు విప్పి ఉడకబెట్టేది.

"ఈ కోటు ఎప్పుడైనా ఉతికావా బాబాయ్?" అని అడిగింది.

"ఉతకాలి ఉతకాలి అనుకుంటూనే ఉన్నానమ్మా. బద్ధకం. ఆడదిక్కు లేని కొంప, ఎవరడుగుతారు? నువ్వడిగావు కాబట్టి ఇవాళ ఉతికేస్తాలే."

"వద్దు" అన్నారు ఇద్దరాడవాళ్ళూ ఒకేసారి.

పరుపులమ్మ ఆడపడుచు వైపు చూడలేకపోయింది. చూడక్కర్లేదు. చిట్టికి కూడా తెలిసిపోయిందని ఆ "వద్దు"లోనే వినపడింది. శాలువాను తీగ మీద ఆరేసింది ఎవరు? గుట్ట మీంచి బెత్తంతో దింపింది ఎవరు? రోజూ సాయంత్రం, ఈ లోకంలో ఎవరిదీ కాని పక్కను ముందు పెట్టి, రా తల్లీ అని పిలిచింది ఎవరు? ఆ పిల్ల వెతికింది మెత్తదనాన్ని కాదు. తవ్వి తవ్వి వెతికినా అక్కడ ఎవరూ లేరు. ఎంతమంది పరుపుల్లోంచి ఏమేం వాసనలు పట్టిన ముక్కు తనది. కళ్ళ ముందు కనిపించిన దాన్ని పట్టలేకపోయింది.

మాటల అలికిడికి బొంగరం కళ్ళు తెరిచింది. చిట్టిని చూసింది. ఇక ఆ కొట్టంలో మనుషులు నిలబడటానికి చోటు లేకపోయింది. చిట్టి భుజాల మీదికి ఎగిరింది, ముఖమంతా నాకింది, పరుపులమ్మ చెంగు పట్టి లాగింది, గిర్రుగిర్రున తిరిగి కాపలాదారు చెంబు దొర్లించింది. చిట్టి గచ్చు మీద చతికిలబడి, దాని మెడలో ముఖం దాచుకుని నవ్వింది. పెద్ద నవ్వు. దుంగల మధ్య మారుమోగింది.

పరుపులమ్మ ఆగలేకపోయింది.

"బాబాయ్, కాపలాకు పనికిరాని కుక్క నీకెందుకు? మేమే తీసుకెళ్తాం. నీకు ఇంకోటి వెతికి పెడతాం."

ముసలాయన దొర్లిన చెంబు తీసి నిలబెట్టాడు. దాని మూత కోసం అటూ ఇటూ చూశాడు. మూత కాళ్ళ దగ్గరే ఉంది.

"పనికిరాదనే నేనూ అన్నాను. యజమానితో కూడా అన్నాను. కాని రాత్రిళ్ళు అది అలా ఊపిరి తీస్తుంటే, ఇన్నేళ్ళుగా ఈ కొట్టంలో ఇంకో ప్రాణి ఊపిరి విన్నది లేదు కదా... అదొక రకంగా బాగానే ఉంది. దొంగలొస్తే నేను లేనా? సరే. మీ కుక్క, మీ ఇష్టం. తీసుకెళ్తే ఆ కోటు కూడా తీసుకెళ్ళండి. అది లేకపోతే పడుకోదు" అన్నాడు.

పరుపులమ్మ చిట్టి వైపు చూసింది. ఊఁ అను తల్లీ అని మనసులో వెయ్యిసార్లు అనుకుంది. నీ మంచం మీదే పడుకోబెట్టుకో, నీ దుప్పటిలోనే దూర్చుకో, ఊరంతా వచ్చి వెంట్రుకలు లెక్కపెట్టుకోనీ. నోటి చివరిదాకా వచ్చింది. అదే మాట ఆ రోజు గిన్నెల దగ్గర అని ఉంటే, ఆ మాటకు విలువ ఉండేది.

చిట్టి బొంగరం చెవులు నిమిరింది. అది కాసేపు ఆమె ఒళ్ళో ఉండి, తరవాత లేచి వెళ్ళి ముసలాయన కాళ్ళను ఒకసారి వాసన చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"వద్దులే బాబాయ్. దీనికిక్కడ పక్క కుదిరింది. మళ్ళీ మార్చడం ఎందుకు? అయినా ఇంటికి తీసుకెళ్తే మా వదిన ఆ కోటు ఉతికేస్తుంది" అంది.

ముసలాయన పగలబడి నవ్వాడు. చిట్టి కూడా నవ్వింది. ఆ నవ్వులో దెప్పడం లేదు, కోపం లేదు. ఉన్నమాటను నవ్వుతూ అంది, అంతే. పరుపులమ్మ నవ్వబోయింది. ముఖం కదల్లేదు.

తిరిగొచ్చేసరికి డ్రైవరు డ్యూటీకి వెళ్ళబోతూ మెట్ల మీద ఎదురయ్యాడు. ఆ రోజు అతనిది రెండో బస్సు.

"ఎలా ఉందక్కా?"

"నిద్రపోతోంది" అంది చిట్టి.

అతను తల దించుకున్నాడు. "నాకిప్పుడు నిద్ర పడుతోంది గాని, ఆ వేళకు మాత్రం మెలకువ వచ్చేస్తోంది. అరుస్తుందేమోనని వింటూ పడుకుంటున్నా. మా ఆవిడ తిడుతోంది" అన్నాడు.

"అలవాటు పోతుందిలే" అంది చిట్టి. లోపలికి వెళ్ళి, చీర చెంగు నడుముకు దోపి, మిషను పెట్టింది.

పరుపులమ్మ కాసేపు గుమ్మంలోనే నిలబడింది. తరవాత వెళ్ళి దూది బుట్ట పక్కన కూర్చుంది. పింజలు విడదీసి అందిస్తోంది, చిట్టి మిషనులోకి వేస్తోంది. గది నిండా తెల్లటి దుమ్ము. మిషను హోరులో ఎదుటి మనిషి మాట వినపడదు. ఆ హోరులో పరుపులమ్మ నోరు విప్పింది. ఒక్క రాత్రి చిట్టీ, నువ్వడిగిన ఆ ఒక్క రాత్రి ఒప్పుకోవాల్సింది నేను, అంది. ఇది నీ ఇల్లు, నన్నడగాల్సిన పనే లేదు, అని కూడా అంది.

వదిన పెదవుల కదలిక చూసి చిట్టి మిషను ఆపింది. గది ఒక్కసారిగా మూగబోయింది.

"ఏమన్నావు వదినా?"

పరుపులమ్మ చేతిలో పింజ వంక చూసుకుంది.

"ఏం లేదు. దూది కొంచెం పలచగా వెయ్యి. ఉండకడుతోంది."

చిట్టి ఆమెను ఒక క్షణం చూసింది. ఇంకేమైనా వస్తుందేమోనని ఆగినట్టే ఆగింది. ఏమీ రాలేదు. మళ్ళీ మిషను పెట్టింది. దూది పలచగానే వేసింది.